గ్రేసీని అడిగిన ప్రశ్న

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారానికి నాలుగు రోజుల ముందు గ్రేసీ పోయింది. సూళ్లూరుపేటలో రైలు గేటు దాటి ఎడమచేతి సందులోకి తిరిగితే పచ్చ గేటు ఇల్లు ఆమెది. పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ముందు ఆమె చేపల పులుసును తలుచుకున్నారు. తర్వాత గెస్ట్‌హౌసులో కొరియావాళ్లకు వాళ్ల తిండే వండిపెట్టిన సంగతి చెప్పుకున్నారు. రెండూ నిజాలే. కానీ గ్రేసీ ఎలాంటి మనిషో తెలియాలంటే ఒక గురువారం నుంచి ఆదివారం దాకా నడిచిన నాలుగు రోజుల సంగతి చెప్పాలి. ఆ నాలుగు రోజుల్లో ఆమె పులుసులో ఉప్పు వేశానో లేదో అని మూడుసార్లు రుచి చూసింది. అంతకు ముందు ఎన్నడూ ఆమె రుచి చూసి వండిన మనిషి కాదు.

ఆమె పుట్టింది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చిన్న పల్లెలో. నలభై గుడిసెలు, ఒక చర్చి, ఒడ్డుకు లాగిన పడవలు. తండ్రి రొయ్యల వలకు పోయేవాడు. పంతొమ్మిదో ఏట ఆమెను విజయ్ కుమార్‌కు ఇచ్చి చేశారు. అతను సూళ్లూరుపేటలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి బాగుచేసేవాడు. ఒక ట్రంకుపెట్టె, రెండు మూటల ఎండురొయ్యలు పట్టుకుని గ్రేసీ ఈ సందులోకి కాపురానికి వచ్చింది. వచ్చిన వారంలోనే రొయ్యలకు కాస్త చెమ్మ తగిలిందని మిద్దెమీద ఎండబోసింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, గొడవ పెట్టుకోలేదు. మర్నాడు చూస్తే పక్క మిద్దెల మీద బట్టలారేసే తాళ్లు అవతలి మూలకు మారిపోయాయి. గ్రేసీ రొయ్యలను కిందికి దించేసింది. అప్పటినుంచి అంగడికి పోయేముందు నిమ్మతొక్కతో చేతులు రుద్దుకోవడం అలవాటు చేసుకుంది. సందులో ఆమెకు పులికాటామె అని పేరు పడింది. ముప్పై ఒక్క ఏళ్లు గడిచినా, కూతురు జెస్సీ ఇక్కడే పుట్టి ఇక్కడే చదివి ఉద్యోగంలో చేరినా, ఆ పేరు మారలేదు. కొరియర్ కుర్రాళ్లకు సైతం పులికాటామె ఇల్లంటేనే దారి చెప్పేవారు.

భర్త పోయాక ఆమె గెస్ట్‌హౌసులో వంటకు కుదిరింది. పెద్ద పారిశ్రామికవాడకు వచ్చే కొరియా ఇంజనీర్లు నెలా రెండు నెలలు అక్కడ దిగేవారు. వాళ్లలో ఒక పెద్దాయన వంటింట్లో ఆమె పక్కన నిలబడి, ఫోనులో వీడియో చూపిస్తూ, సైగలతోనే వాళ్ల ఊరగాయ కిమ్చి చేయడం నేర్పాడు. మద్రాసు నుంచి పొడుగు క్యాబేజీ తెప్పించేవారు. దాంట్లోకి ఉప్పులో ఊరేసిన సన్న రొయ్యలు కావాలని ఆయన బొమ్మ గీసి చూపించినప్పుడు గ్రేసీకి నవ్వొచ్చింది. పుట్టింటి నుంచి తెప్పించి జాడీకి ఎత్తింది. మిద్దెమీద ఎండబెట్టుకోనివ్వని సరుకు దొరల భోజనంబల్ల మీదికి ఎక్కిందని జెస్సీతో అన్నది.

ఇక ఆ గురువారం సంగతి. అమెరికా నుంచి ఒక కుటుంబం దిగుతున్నదని, కొరియావాళ్లేనని గెస్ట్‌హౌసు మేనేజరు పునీత్ చెప్పాడు. గ్రేసీ పొద్దున్నుంచే కిమ్చి, అన్నం, సముద్రపు నాచు చారు సిద్ధం చేసింది. వాళ్లు తినడానికి వాడే ఇనుప పుల్లలు తుడిచి వరసగా పెట్టింది. కారు దిగి ముగ్గురు లోపలికి రాగానే నడుము వంచి, తనకు వచ్చిన పది కొరియా ముక్కల్లో మొదటిది గట్టిగా పలికింది.

భర్త పేరు పాల్. అతను ఉలిక్కిపడి, ఏదో తడుముకుని బదులు చెప్పాడు. భార్య సూజన్ ఇంగ్లీషులో పలకరించింది. ఎనిమిదేళ్ల పాప మియా పుల్లలను పక్కకు నెట్టి బ్రెడ్ ఉందా అని అడిగింది. గ్రేసీకి ఏమీ అర్థం కాలేదు. మొహాలు చూస్తే కొరియా, నోరు విప్పితే అమెరికా. సాయం కోసం జెస్సీ వచ్చింది. ఆమె పని చేసే కంపెనీయే పాల్‌ను రమ్మంటున్నది కాబట్టి, ఈ నాలుగు రోజులు వాళ్లకు తోడుండమని జెస్సీనే పంపారు. ఆ అమ్మాయి నిదానంగా తల్లికి విడమరచి చెప్పింది: వీళ్ల అమ్మానాన్నలు కొరియా నుంచి పోయి అక్కడ స్థిరపడ్డారు, వీళ్లిద్దరూ న్యూజెర్సీలో పుట్టినవాళ్లు, కొరియా భాష సరిగా రాదు. కంపెనీ పాల్‌కు ఇక్కడ మూడేళ్ల ఉద్యోగం ఇస్తానన్నది. ఊరు చూసుకుని పోవడానికి వచ్చారు. సోమవారానికల్లా వస్తామో రామో చెప్పాలి. ఆ మాట సూజన్‌కే వదిలేశాడు పాల్.

ఈలోగా సూజన్ కిమ్చి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. చెంచా కింద పెట్టి, లేచి, పెరటి గుమ్మం దగ్గరికి పోయి వీపు తిప్పి నిలబడింది.

“సెడిపోయిందా?” అని గ్రేసీ కూతుర్ని అడిగింది.

జెస్సీ పోయి మాట్లాడి వచ్చింది. వాళ్ల అవ్వ అచ్చం ఇట్లాగే చేసేదట, ఇదే వాసనట. చిన్నప్పుడు బడిలో డబ్బా తెరిస్తే పిల్లలు ముక్కు మూసుకుని దూరం జరిగేవారట. అప్పటినుంచి అమ్మను పెట్టవద్దని చెప్పేసిందట. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఇప్పుడు తింటున్నదట.

“అయితే బాగుండాదనా, బాగలేదనా?”

“అదే ఆమెక్కూడా తెలీడం లేదు మా,” అంది జెస్సీ.

శుక్రవారం ఇల్లు చూడటానికి వచ్చారు. తక్కిన విదేశీయులందరూ మద్రాసులో కాపురాలు పెట్టి రోజూ కార్లలో తిరుగుతారు. సూజన్‌కు అది ఇష్టం లేదు, పనిచేసే ఊళ్లోనే ఉండాలని ఆమె పట్టు. గ్రేసీ ఇంటికి ఎదురుగా మునిశేఖర్ అనే ఆయన మేడ పైభాగం ఖాళీగా ఉంది. కారు సందులోకి రాగానే పదకొండు ఇళ్ల వాకిళ్లలోకీ మనుషులు వచ్చారు. నిలబడి చూశారు. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ రండి అనలేదు. సూజన్ చెయ్యి ఊపింది. ఎవరో ఒక ముసలాయన తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకున్నాడు.

నిజానికి ఆ పదకొండు ఇళ్లలో వాళ్ల మీద ఎవరికీ ఏ కోపమూ లేదు. పెద్ద కంపెనీ దొరలు, పిలిస్తే లోపలికి వచ్చేస్తారేమో, వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి, కాఫీ తాగుతారా తాగరా, ఇల్లు ఊడ్చలేదే అని ఎవరి తంటా వాళ్లది. గ్రేసీకి అది తెలుసు. కానీ కారు పక్కన నిలబడి సూజన్ కళ్లతో అదే సందును చూస్తే, తను ట్రంకుపెట్టె దించిన రోజు చూసిన మొహాలే మళ్లీ కనిపించాయి. ఆ రోజు కూడా వాళ్ల మనసులో ఇల్లు ఊడ్చలేదన్న తంటాయే ఉందా? ఈ ఆలోచన ఆమెకు ముప్పై ఒక్క ఏళ్లలో ఎప్పుడూ రాలేదు.

మునిశేఖర్ గదులన్నీ చూపించి, నీళ్ల మోటారు వేసి చూపించి, గ్రేసీని పక్కకు పిలిచాడు. వాళ్లు ఏ దేవుణ్ణి మొక్కుతారో అడిగాడు. ఏసయ్యనేనని చెప్పింది. కాసేపు నసిగి, గొంతు తగ్గించి, “కుక్కల్ని తింటారంటనే, నిజమా?” అన్నాడు.

“నీ కొంపలో కుక్క లేదు గదప్పా, నీకెందుకు దిగులు?” అంది గ్రేసీ.

గ్రేసీని కూడా వెంటబెట్టుకుని వాళ్లు అటునుంచి బజారుకు పోయారు. పండ్ల బండి దగ్గర మియా పనసపండును వింతగా చూస్తున్నది. బండివాడు పక్కవాడితో కరోనా వచ్చిందిరా అని ఒక మాట అని నవ్వాడు. ఏమన్నాడని సూజన్ అడిగింది. పాప ముద్దుగా ఉందంటున్నాడని జెస్సీ ఇంగ్లీషులో సర్దింది. సూజన్ తల ఊపి, పండ్లు తీసుకోకుండా పాప చెయ్యి పట్టుకుని నడిచింది. నవ్వు ఏ రకందో తెలియడానికి భాష రానవసరం లేదు కదా. ఆ తర్వాత రెండు అంగళ్లు దాటాక ఒక పూలామె మియాను ఆపి, అడగకుండానే మూర మల్లెపూలు తలలో తురిమి, డబ్బులిస్తే వద్దని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒకే బజారు, ఒకే అరగంట. ఈ రెండింటిలో ఏది ఊరో గ్రేసీ తేల్చుకోలేకపోయింది.

శనివారం పొద్దున సూజన్ గెస్ట్‌హౌసు వంటింట్లోకి వచ్చి, వెల్లుల్లి వలుస్తున్న గ్రేసీ ఎదురుగా కూర్చుని తనూ వలవసాగింది. జెస్సీ గుమ్మంలో నిలబడి రెండు వైపులా మాటలు అందించింది. నాలుగేళ్ల క్రితం, కరోనా రోజుల్లో, తను పుట్టిన ఊళ్లోని అంగట్లోనే ఒక మనిషి తనను నీ దేశానికి పొమ్మని అరిచాడని సూజన్ చెప్పింది. ఆ మనిషికంటే తన చుట్టూ ఉండి ఏమీ మాట్లాడనివాళ్లు గుర్తొస్తారట. ఇక్కడ తను ఎలాగూ పరాయిదే, కాబట్టి పరాయిగా చూసినా అంత నొప్పి ఉండదేమో అనుకుందట. నిన్న సందులో నిలబడ్డాక ఆ నమ్మకం పోయింది. తన సంగతి సరే, మియా ఈ సందులో ఆడుకోగలదా?

తర్వాత అసలు ప్రశ్న అడిగింది. జెస్సీ తెలుగులో చెప్పింది: “మమ్మల్ని ఈడ కలుపుకుంటారా, లేదా? కంపెనీవాళ్లు చెప్పేది నేను నమ్మను. నువ్వు ఈ ఊరిదానివి. నువ్వు ఏం చెప్తే అదే చేస్తాను అంటుండాది మా.”

గ్రేసీ చేతిలోని వెల్లుల్లి పాయ జారి కింద పడింది. వంగి తీసుకుంటూ, రేపు చెప్తానని మాత్రం అన్నది. ఆమెను ఈ ఊరిదానివి అని అన్న మొదటి మనిషి న్యూజెర్సీ నుంచి వచ్చిన మనిషి.

ఇంటికి పోయే దారి పొడుగునా గ్రేసీ లెక్కలు వేసింది. కలుపుకుంటారు అని చెప్పవచ్చు. చెప్తే వాళ్లు వస్తారు. ఎదురింట్లోనే ఉంటారు. ఆ మనిషి అంటే తనకు ఇష్టంగానే ఉంది. కానీ వచ్చాక ఆ పిల్ల మేడమీద ఒంటరిగా కూర్చుంటే, ఆ పాపం ఎవరిది? కలుపుకోరు అని చెప్పవచ్చు. అదీ అబద్ధమే అయితే? జెస్సీ పుట్టినప్పుడు ఆసుపత్రిలో రెండు రోజులు పక్కన కూర్చున్నది ఎవరు, పక్కింటి దేవకమ్మే కదా. విజయ్ కుమార్ శవం వాకిట్లో ఉన్నప్పుడు వచ్చినవాళ్లందరికీ క్యాను నిండా కాఫీ పెట్టి తెచ్చింది దేవకమ్మే. మరి ఆ దేవకమ్మ ముప్పై ఒక్క ఏళ్లలో గ్రేసీ ఇంట్లో ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోలేదు. గ్రేసీ కూడా ఆమెను ఇబ్బంది పెట్టలేదు. క్రిస్మస్ వస్తే సందులో అందరికీ బేకరీ కేకు డబ్బాలు, ఆపిల్ పండ్లు పంపేది. ఇంట్లో చేసిన పిండివంట ఏదీ పంపేది కాదు. అంగడి సరుకైతే ఎవరికీ పట్టింపు ఉండదు, తీసుకోలేక మొహం చాటేయాల్సిన అవసరం రాదు. అది తన మర్యాద అనుకున్నది.

నేరుగా దేవకమ్మ ఇంటికే పోయింది. దేవకమ్మది నగరి, నేతగాళ్ల ఇంటి పిల్ల. పుట్టింటి నుంచి లుంగీలు, తువ్వాళ్లు తెప్పించి ఇంట్లోనే అమ్ముతుంది. అరుగుమీద లుంగీలు మడత పెడుతున్నది.

“అక్కా, ఒక మాట అడగతా, నిజం చెప్పు,” అంది గ్రేసీ. “ఈ సందులో నన్ను కలుపుకున్నారా, లేదా?”

దేవకమ్మ లుంగీ అంచు పళ్ల మధ్య పట్టుకుని ఉన్నది. దాన్ని వదిలి, “ఏమ్మే, ఎండదెబ్బ తగిలిందా?” అంది.

“తగల్లేదు. చెప్పు.”

“కలుపుకోక నిన్నేమన్నా కంచె అవతల కట్టేసినామా?”

“మా ఇంట్లో ఎప్పుడన్నా తిన్నావా నువ్వు?”

“ఎప్పుడన్నా పిలిచినావా నువ్వు?” అంది దేవకమ్మ. అని ఊరుకోలేదు. “ముప్పై ఏండ్లుగా బేకరీ డబ్బా పంపిస్తా ఉండావు. మీ చర్చోళ్లకేమో ఇంట్లో కూర్చోబెట్టి బిరియానీ. నా వాకిట్లోకేమో అంగడి సరుకు. ఈమెకు నా చేతి కూడు పెట్టేదేందిలే అని గదా నువ్వు అనుకున్నింది? నేనెప్పుడన్నా నోరు తెరిచినానా?”

గ్రేసీ అరుగుమీద కూర్చుంది. నువ్వు తినవని అట్లా చేశానని చెప్పింది. అడిగితే కదా తెలిసేది అన్నది దేవకమ్మ. అడిగి నువ్వు వద్దంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నది గ్రేసీ.

“వద్దంటే ఇంకోసారి అడగల్ల. పిలుపంటే ఒకసారితో అయిపోతాదా?”

దేవకమ్మ ఇంకో లుంగీ తీసింది. గ్రేసీ ఆమె చేతులవైపు చూస్తూ, “నిజంగా పిలిచివుంటే తినిందువా అక్కా?” అంది.

లుంగీ మడత రెండుసార్లు తప్పింది. మూడోసారి సరిపెట్టుకుని దేవకమ్మ చెప్పింది. “మా అత్త ఉండే దినాల్లో తినిండను. ఆమె కండ్లబడితే నన్ను ఇంట్లోకి రానిచ్చిండదు.”

“మీ అత్త పోయి పన్నెండేండ్లాయ.”

“ఆ పన్నెండేండ్లూ నువ్వు పిలవలేదు.”

ఇది నిజమా, ఇప్పుడు నోటికొచ్చిన సర్దుబాటా? గ్రేసీ ఆమె మొహంలో వెతికింది. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ చూసిన మొహమే, ఏమీ దొరకలేదు. అడిగేసినదాన్ని ఎలాగూ అడిగాను, ఇంకో అడుగు వేద్దామనిపించింది. అయితే ఇప్పుడే రా అక్కా, అన్నం తిందువు అన్నది.

“ఏముండాది కూర?”

“ఎండ్రొయ్యలు, వంకాయ.”

“శనివారం పూట ఎండ్రొయ్యలు తినమంటావా నన్ను?” దేవకమ్మ గోడమీది ఏడుకొండలవాడి పటం వైపు చెయ్యి చూపించింది. “పిలవక పిలవక పిలిచినావే, ఇదేనా పిలుపు? రేపు పిలువు. చేపల పులుసు చెయ్యి. సూస్తాం.”

చూస్తాం అన్న మాట మీద గ్రేసీ రాత్రంతా మంచంమీద పొర్లింది. వస్తానని అర్థమా, చూద్దాంలే అని దాటవేయడమా? ఆ పులుసులోనే మర్నాడు ఉప్పు మూడుసార్లు చూసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, వండి, పన్నెండున్నరకు పక్కింటి గడప ముందు నిలబడి నోరు తెరిచి పిలిచింది. దేవకమ్మ వస్తా పో అన్నది. వచ్చేసరికి గంట పట్టింది. మంచి నగరి చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. చేతిలో ఒక నీళ్ల సీసా. డాక్టరు కాచిన నీళ్లే తాగమన్నాడని, అడగకముందే చెప్పింది. ఎండాకాలం, అందరూ సీసాలు పట్టుకునే తిరుగుతున్నారు. దేవకమ్మకు మోకాళ్ల నొప్పి ఉన్న మాట గ్రేసీకి తెలుసు. కాచిన నీళ్ల మాట మాత్రం ఆ రోజే విన్నది. కూర్చో అక్కా అని చాప పరిచింది.

అప్పుడే జెస్సీ సూజన్‌నూ మియానూ వెంటబెట్టుకుని వచ్చింది. మూడు గంటలకు కారు. జవాబు కోసం వచ్చారు. గ్రేసీ వాళ్లకూ విస్తళ్లు వేసింది. సూజన్ చేత్తో కలుపుకోవడానికి తంటాలు పడుతుంటే దేవకమ్మ ముందుకు వంగి, ఆమె వేళ్లను పట్టుకుని ముద్ద ఎట్లా చేయాలో చూపించింది. తర్వాత తనూ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. గ్రేసీ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. దేవకమ్మ ముల్లు తీసి విస్తరి అంచున పెట్టి, “పులుపు రవ్వంత ఎక్కువైంది,” అని, మళ్లీ అన్నం పెట్టమన్నట్టు విస్తరి ముందుకు జరిపింది.

సూజన్ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూస్తున్నది. ఆమె మొహం మెల్లగా తేటపడింది. జెస్సీతో ఏదో అన్నది. జెస్సీ ఆ మాటను తల్లికి చెప్పడానికి వెనకాడింది. ఏమన్నదో చెప్పమని గ్రేసీ రెట్టించింది.

“జవాబు ఇంక చెప్పక్కర్లేదంట మా. కండ్లతో చూసినానంటుండాది. నువ్వూ దేవకమ్మ పెద్దమ్మా మతాలు వేరైనా ఇన్నేండ్లుగా ఒక చాపమీద కూర్చుని తింటా ఉండారు, ఈ సందులో మాకూ చోటుంటాది అంటుండాది.”

గ్రేసీ గరిటె గిన్నెలో పెట్టింది. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. వాళ్లు వస్తారు. “ఇదే మొదటిసారని చెప్పు,” అంది కూతురితో.

“చెప్తే రారు మా.”

“చెప్పు. ముప్పై ఒక్క ఏండ్లలో ఈ పొద్దే మొదలని చెప్పు.”

దేవకమ్మ నమలడం ఆపింది. తప్పు ఎవరిదో కూడా చెప్పమని జెస్సీ వైపు చూసి అన్నది, బేకరీ డబ్బాల సంగతి చెప్పమన్నది. వాళ్ల అత్త సంగతి కూడా చెప్పమన్నది గ్రేసీ. జెస్సీ ఇద్దరి మాటలూ ఏరుకుని, ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. సూజన్ మొహంలోని తేట కొంచెం కొంచెంగా పోయింది. మియా ఒక్కటే ఏమీ పట్టకుండా అప్పడం విరుచుకుని తింటున్నది. చివరికి సూజన్ ఒక్క వాక్యం అన్నది, జెస్సీ దాన్ని తెలుగులో చెప్పింది.

“ముప్పై ఒక్క ఏండ్లు నాకు యాడివి, కంపెనీ మూడేండ్లకే పంపిస్తుండాది అంటుండాది మా.”

కలుపుకుంటారో లేదో గ్రేసీకి శనివారం తెలియలేదు, ఆదివారమూ తెలియలేదు. పక్కన దేవకమ్మ అన్నం తింటున్నది, ఆమె తొడ దగ్గర నీళ్ల సీసా నిలబడి ఉన్నది. రెండూ నిజమే. వాటిలో ఏది ఎక్కువ నిజమో చెప్పగల తెలివి తనకు లేదు.

“నాకు తెలీదని చెప్పు,” అంది. “ఈడ ఉండేదాన్నే గానీ, కలిసినానో లేదో నాకే తెలీదు. ఒకటి మాత్రం చెప్పు. వాళ్లు పిలుస్తారని కాచుకోవద్దను. వచ్చిన వారంలోనే పదకొండిండ్లకూ పోయి, తనే నోటితో పిలిచి, ఇంట్లో వండి పెట్టమను. ఎవరు తింటారో, ఎవరు తినరో అప్పుడే తేలిపోతాది. నా మాదిరి మర్యాదకు పోవద్దను.”

మూడు గంటలకు కారు వచ్చింది. సూజన్ వస్తామని చెప్పలేదు, రామని చెప్పలేదు. గ్రేసీ రెండు చేతులూ పట్టుకుని కాసేపు నిలబడి ఎక్కింది. కారు మలుపు తిరిగాక దేవకమ్మ పళ్ల సందు పుల్లతో కుట్టుకుంటూ, ఏమన్నా తేలిందా అని అడిగింది. గ్రేసీ తల అడ్డంగా ఊపింది.

జూన్ రెండో వారంలో వాళ్లు వచ్చారు. ఎందుకు వచ్చారో, ఏ మాట విని వచ్చారో గ్రేసీ అడగలేదు. సామాను విప్పిన నాలుగో రోజు సూజన్ జెస్సీ నేర్పిన ఒకే ఒక్క తెలుగు వాక్యం పట్టుకుని, పాపను వెంటబెట్టుకుని, పదకొండు గడపలూ ఎక్కి దిగింది. అందరూ తల ఊపారు. ఆదివారం పొద్దున్నే గ్రేసీ, సూజన్ కలిసి మేడమీద ముప్పైమందికి వండారు. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. నాలుగు ఇళ్లవాళ్లు వచ్చారు. అందులో ఒక ఇంటివాళ్లు పిల్లలను మాత్రం పంపారు. ఆ పిల్లలు తినేసి మియాతో మెట్లమీద అటూ ఇటూ పరుగెత్తి, చెప్పకుండా వెళ్లిపోయారు.

అందరూ పోయాక సూజన్ మిగిలిన అన్నం గిన్నె ముందు కూర్చుని, పదకొండులో నాలుగు అంటే ఇక్కడ మంచిదా, చెడ్డదా అని జెస్సీ చేత అడిగించింది. గ్రేసీ కొంగుతో మొహం తుడుచుకున్నది. కిటికీలోంచి సందు మొత్తం కనిపిస్తున్నది. రాని ఏడు ఇళ్ల తలుపులూ మూసే ఉన్నాయి, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకునే వేళ. మూడో ఇంటి కిటికీ తెర పక్కకు తొలిగి, ఎవరో ఈ మేడవైపే చూస్తున్నారు. అంతలో తెర పడిపోయింది.

“అన్నం ఆరబెట్టమను, సందేళకు పులిహోర కలపతా,” అంది గ్రేసీ కూతురితో. “తననే పోయి ఆ మూడో ఇంటి వాకిట్లో రవ్వంతసేపు నిలబడి, ఇంకోసారి పిలిచి రమ్మను. ఏమంటారో సూద్దాం.”